ఎండ అక్కడ, నీడ ఇక్కడ

కోతగిరి
1985 నవంబరు 22

మామకు సరసు నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాము. అత్త మోకాలు ఎట్లా ఉంది? నీ దగ్గు తగ్గిందా? ఇంటికి వచ్చిన ఉత్తరాలు అత్తకు చదివి వినిపించేది నువ్వే, ఆమె చెప్పింది రాసేదీ నువ్వే కాబట్టి నీ దగ్గు సంగతి నాకు ఎప్పటికీ తెలియదు. అయినా అడుగుతున్నాను.

పని ఉండి రాస్తున్నాను. మీ అల్లుడు వానాకాలంలో సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ కొన్నాడు కదా, నల్లది. ఇక్కడి మంచుకూ మట్టికీ దాని రంగు చచ్చిపోయి కడగని పెనంలాగా అయింది. ఈ పక్కన ఒక పెద్ద టీ తోట ఉంది. వాళ్లు వచ్చేపోయే అతిథుల కోసం నెల బాడుగకు ఒక కారు పెట్టుకుంటారట. క్రిస్మస్‌కు ముందు ఆదివారం మూడు కార్లను తెప్పించి మేనేజరే స్వయంగా చూస్తాడట. తోటలో అందరూ ఆయనను దొర అంటారు, మనిషి కోయంబత్తూరు వాడే. ఇంజను జోలికి పోడట. కారు తలుపులో తన మొహం కనిపిస్తుందా లేదా అని చూస్తాడట.

ఆ పని దొరక్కపోతే కారు అమ్మేసి మళ్లీ సేలం లారీకే పోతానంటున్నాడు మీ అల్లుడు. తొప్పూరు కనుమలో రాత్రిపూట లారీ అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? పోయినేడు ఒకనాడు తల నిండా అద్దం ముక్కలతో ఇంటికి వచ్చి, "ఏమీ లేదు మే, కొంచెం దువ్వెన తే" అన్న మనిషి. ఆ దువ్వెనతో నేను ఇంతవరకూ తల దువ్వుకోలేదు.

అందుకని మామా, కారుకు మైనం పాలిష్ నువ్వు ఎట్లా పెట్టేవాడివో వివరంగా రాయి. కథలు తగ్గించి రాయి. మీ అల్లుడికి తెలుగు మాటలే గాని అక్షరాలు రావు. నేనే చదివి వినిపించాలి. కథల దగ్గరికి వచ్చేసరికి ఆయన నిద్రపోతాడు.

సరసు


ధర్మపురి
నవంబరు 28

చిరంజీవి సరసుకు రాజమాణిక్కం మామ ఆశీస్సులు.

కథలు తగ్గించమన్నావు. ముప్పై ఏళ్లు కారు నడిపినవాణ్ని, బ్రేకు ఎక్కడుందో నాకు తెలుసు. బ్రేకు తొక్కిన చోటనే బండి ఆగదని కూడా తెలుసు.

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను, దగ్గు భాగం తప్ప.

అక్షరాలంటే గుర్తొచ్చింది. నేను తెలుగు బడి మొహం చూడలేదు కదా. నేను కారు నడిపిన కాఫీ గింజల వ్యాపారి, మా ముదలాళి, చిత్తూరు కోర్టులో భూమి వ్యాజ్యం నడిపినన్నాళ్లు నేను బయట కారులో కూర్చుని అంగళ్ల బోర్డులు చూసి తెలుగు నేర్చుకున్నాను. చదివిన మొట్టమొదటి మాట 'సోడా'. రెండోది 'కలరు'. వ్యాజ్యం ఇంకో ఏడాది సాగి ఉంటే పెద్ద పుస్తకాలే చదివి ఉండేవాణ్ని. ముదలాళి గెలిచి నా చదువు చెడగొట్టాడు. మన ఇళ్లలో మాట తెలుగు, రాత అరవం. నేను రాసిన తెలుగు చదివే మనిషి ఈ లోకంలో ఒక్కరైనా ఉండాలని నీకు పలక మీద దిద్దించాను. ఆ పలక ఖర్చు ఈరోజుకు వసూలైంది. సరే, బ్రేకు.

మొదట కారు కడగాలి. కడగడమంటే బకెట్టెత్తి కొట్టడం కాదు. పైనుంచి కిందికి రావాలి. చక్రాల దగ్గర వాడిన గుడ్డ పైకి ఎక్కకూడదు. ఎక్కిందో, ఆ మట్టి గీతలు కారు అమ్మేదాకా నీతోనే ఉంటాయి. తర్వాత ఆరాలి. తలుపు సందుల్లో, దీపాల చుట్టూ నీళ్లు దాక్కుంటాయి, అన్నీ తుడిచావనుకున్నాక మెల్లగా కారుతూ బయటికి వస్తాయి. రంగు మరీ చచ్చిన చోట పై పొర తీసే రబ్బింగ్ కాంపౌండుతో మెత్తగా రుద్దమను. అల్లుడు బలం చూపిస్తే కింద రేకు కనిపిస్తుంది.

ఆపైన మైనం. పాత బనియను గుడ్డతో కొంచెం తీసుకోవాలి. కొంచెమంటే డాక్టరు చెప్పిన తర్వాత మీ అత్త నా అన్నంలో వేస్తున్న నెయ్యంత. అరచేయి వెడల్పున చుట్టూ తిప్పుతూ పూసి, అది ఆరి తెల్లగా మసక కట్టాక కార్లు తుడిచే మెత్తని పసుపు గుడ్డతో తుడవాలి. ఒక చోటు అయ్యాకనే ఇంకో చోటు.

ఇప్పుడు అసలు పాఠం: నీడ. ఎండ పొడ తగలకూడదు. సూర్యుడు లేవక ముందే మొదలుపెట్టాలి. మా ఎల్లప్పన్ అనే డ్రైవరు హరూరు రిజిస్ట్రారు ఆఫీసు ముందు నడి వేసవిలో, మిట్టమధ్యాహ్నం ఎండలో మైనం పూశాడు. నూనె లేని పెనం మీద దోసెలాగా పట్టుకుంది. వాడు దాన్ని గీకి తీసేసరికి వాళ్ల ముదలాళి పత్రం రిజిస్టరై, భోజనం ముగించి, పత్రం రాసిన పంతులు గారింట్లో ఒక కునుకు కూడా తీసి వచ్చాడు. ఆ తర్వాత ధర్మపురి కారు స్టాండులో నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడి చేతా మొదట ఆ మాటే చెప్పించాను. "ఏం రా పాఠం?" అంటే "నీడ మామా" అనాలి. అల్లుడి చేత కూడా అనిపించు.

ఇప్పుడు ఎవరూ అడగడం లేదులే. స్టాండుకు పోతే కుర్రాళ్లు లేచి నాకు కుర్చీ వేస్తారు. కుర్చీ వేయడమంటే 'ఇక కూర్చో, మాట్లాడొద్దు' అని. నువ్వు అడిగావు. అందుకే ఇంత పొడుగైంది.

నీ మామ
రాజమాణిక్కం


కోతగిరి
డిసెంబరు 9

మామకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. చెప్పినట్టే చేశాము. తెల్లవారుజామున లేచి, నీడలోనే. కారు బాగా మెరుస్తోంది. మీ అల్లుడు "నీడ మామా" అని కూడా అన్నాడు.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది.

అత్తను ఒక మాట అడుగు. చలికాలంలో కొబ్బరినూనె గడ్డ కడితే ఆమె సీసాను ఎక్కడ పెడుతుంది? వేరే ఏమీ లేదు, ఊరికే అడుగుతున్నాను.

సరసు


ధర్మపురి
డిసెంబరు 14

చిరంజీవి సరసుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని స్టాండుకు పోయాను. కుర్చీ వేశారు. కూర్చోలేదు. నిలబడే చదివి వినిపించాను. అక్కడ ఎవడికీ తెలుగు అక్షరం రాదు కాబట్టి నువ్వు రాయని రెండు ముక్కలు చేర్చాను: కోతగిరి బజారులో జనం ఆగి ఆగి కారు చూస్తున్నారని, అల్లుడు అందులో మొహం చూసి గడ్డం గీసుకుంటున్నాడని. నీకు అభ్యంతరం ఉండదనుకుంటాను.

ఫలితం ఏమిటంటే, ఆస్పత్రి వీధి డాక్టరమ్మ డ్రైవరు నా వెంట ఇంటిదాకా వచ్చి, "మామా, మా ఫియట్‌కు నువ్వే వచ్చి చెయ్యాల" అన్నాడు. రేపు తెల్లవారి చేస్తానని మాట ఇచ్చాను. ముదురు నీలం బండి. నీలం మీద నా చేయి ఎట్లా ఉంటుందో ఈ ఊరు చూసి చాలా ఏళ్లయింది.

కొబ్బరినూనె సంగతి మీ అత్తను అడిగాను. "పొయ్యి గట్టు మీద పెడతా అని రాయి. కాపురానికి పోయి ఇన్నేండ్లాయె, నూనె సీసా యాడ పెట్టాలో తెలీదా దానికి? నువ్వు అక్షరాలు నేర్పించి చెడగొట్టినావు" అంది. ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. నీ ఉత్తరం అంత చిన్నదేమిటి? సంతోషంగా ఉన్నవాళ్లు పొడుగ్గా రాస్తారు. నన్ను చూడు.

రాజమాణిక్కం


ధర్మపురి
డిసెంబరు 16

సరసూ,

ఆశీస్సులు తర్వాత. ముందు ఇది చదువు.

ఈ ఏడు మార్గళి నెల చలి మామూలుగా లేదు. నిన్న తెల్లవారి డాక్టరమ్మ షెడ్డులోకి పోయేసరికి నోట్లోంచి పొగ వస్తోంది. బీడీ లేకుండానే. డబ్బా మూత తీస్తే మైనం రాత్రి మిగిలిన నెయ్యిలాగా బిగిసి ఉంది. గోరుతో పెల్లగించి పూశాను. పరుచుకోలేదు. ఆరుతుందని కూర్చున్నాను. ఆరలేదు. తుడిస్తే పోకుండా ఇటుది అటు పోయింది. తెల్లారేసరికి ఆ నీలం ఫియట్ రాత్రంతా మేకలు నాకినట్టుంది. స్టాండు సగం అక్కడే ఉంది మరి, చూడ్డానికి వచ్చారు కదా. డాక్టరమ్మ బయటికి వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఇది పూర్తయినట్టా, ఇంకా ఉందా?" అని మర్యాదగా అడిగింది. ఆ మర్యాదే నాకు ఎక్కువ చలి పెట్టింది.

ఎవడో పోయి చెప్పినట్టున్నాడు, మీ అత్త కుంటుకుంటూ వచ్చింది. చూసింది. "నూనె గడ్డ కడితే పొయ్యి కాడ పెడతాం. నీ మైనానికి చలి లేదా?" అంది. నా చేతిలో డబ్బా లాక్కుని పోయి డాక్టరమ్మ ఇంట్లో నీళ్లు కాగే అండా మూత మీద పెట్టింది. తిరిగి వచ్చి కుర్రాళ్లతో, "మామను పక్కకు నిలబెట్టి బండిని ఎండలోకి తోయండి" అంది. తోశారు. పదిగంటలకు ఎండ కాగింది, తెల్లదనమంతా గుడ్డకు వచ్చేసింది, కిందినుంచి నీలం రంగు లేచింది. ఒక కుర్రాడు నన్ను చూసి, "ఏం పాఠం మామా?" అన్నాడు. వాడి చెవి ఇంకా నా చేతికి దొరకలేదు.

ఆలోచిస్తే తెలిసింది. నేను ఒక్కనాడు కూడా మార్గళిలో మైనం పట్టలేదు. ఆ నెలంతా ముదలాళి కుటుంబం గుళ్లకు తిరిగేది, నేను దారి మీదనే ఉండేవాణ్ని. నా నీడ పాఠం ఎండాకాలం పాఠం. దాన్ని కోతగిరికి పంపించాను.

ఇప్పుడు నీ సంగతి. నీడలోనే చేశాము, మెరుస్తోంది అని రాశావు. ధర్మపురి చలికే కానిది అక్కడ ఎట్లా అయింది? కోతగిరి చలి అబద్ధమై ఉండాలి, లేకపోతే నీ ఉత్తరం అబద్ధమై ఉండాలి. కొబ్బరినూనె ఎందుకు అడిగావో నాకు ఇప్పుడు తెలిసింది.

ఆదివారం దగ్గరికి వచ్చేసింది. కారు ఇంకా సున్నం కొట్టినట్టే ఉంటే ఈ ఉత్తరం అందిన వెంటనే ఎండలోకి తోయించు. డబ్బా వేడినీళ్లలో పెట్టు. మామ తప్పు చెప్పాడని అల్లుడికి గట్టిగా చదివి వినిపించు. తొప్పూరు కనుమ కంటే నా పరువు పెద్దది కాదు.

రాజమాణిక్కం


కోతగిరి
డిసెంబరు 24

మామకు సరసు నమస్కారాలు.

పని దొరికింది. అది ముందు రాసేశాను, నువ్వు కంగారు పడకుండా. లారీ లేదు. ఇక మిగతాది చదువు.

నీ ఉత్తరం నిన్ననే అందింది. నా ఉత్తరం అబద్ధమా, చలి అబద్ధమా అని అడిగావు. నా ఉత్తరమే. నువ్వు చెప్పినట్టే తెల్లవారక ముందు చేశాము. వేళ్లు వంగలేదు. మైనం గడ్డలు గడ్డలుగా పట్టుకుంది, ఎంత తుడిచినా పోలేదు. అదే వేషంలో మీ అల్లుడు ఒక బాడుగకు కూనూరు పోయివస్తే, దారిలో ఎవరో "కారుకు సున్నం కొట్టినారా అన్నా?" అని అడిగారట. కారు వాకిట్లో ఆపి, తల పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. నేను ఊరికే ఉండలేక బానెట్ మీద గుడ్డ వేసి తుడిచాను. ఒక్క తుడుపుకు అద్దంలాగా వచ్చింది. తలుపు తుడిస్తే రాలేదు. మళ్లీ బానెట్ తాకి చూశాను. ఇంజను వేడికి కాలుతోంది. అప్పుడే నాకు అత్త నూనె సీసా కళ్లముందు ఆడింది.

"దీనికి వేడి చాలలేదు, ఎండలో పెట్టి చేద్దాం" అన్నాను.

"నీకేం తెలుసు మే? మామ నీడ అని చెప్పిండాడు."

"మామ ఉండేది ధర్మపురిలో."

"ముప్పై ఏండ్లు కారు తోలినాయన చెప్పినాక నువ్వు చెప్పేదేంది?"

ఎంత చెప్పినా అదే మాట. అప్పుడు నేను లోపలికి పోయి నీ ఉత్తరం తెచ్చాను. ఎల్లప్పన్ కథ దగ్గర వేలు పెట్టి, "ఇదో, ఇక్కడ రాసిండాడు, మొన్న చూసుకోలేదు" అని చదివాను: చలి ఊరైతే డబ్బాను వేడినీళ్ల గిన్నెలో పెట్టి మెత్తబడనివ్వాలి, కారును గోరువెచ్చని నీళ్లతో కడగాలి, పదిగంటల తర్వాత ఎండలో చేయాలి. మీ అల్లుడు ఆ అక్షరాల వైపు భక్తిగా చూసి, "అదీ మామ అంటే! ముందే సరిగ్గా చదివుంటే ఇంత కష్టం లేకపోవు కదా, నీకు తొందర ఎక్కువ" అని నన్ను తిట్టాడు.

మరుసటి రోజు ఎండలో మొత్తం మళ్లీ చేశాము. ఒక తలుపు తర్వాత ఒక తలుపు. నీడలో చేశామని నీకు రాసింది ఆ సాయంత్రమే. ఎందుకు రాశానంటే, స్టాండులో కుర్చీ వేస్తారని నువ్వు రాశావు. ఇంకో కుర్చీ నా చేతితో వేయడం ఇష్టం లేకపోయింది. నూనె సీసా సంగతి అడిగింది నీ అంతట నీకే తడుతుందని.

ఆదివారం గుడ్డలు పట్టుకోవడానికి నన్ను కూడా తోటకు తీసుకుపోయాడు. మంచు, దానిమీద సన్నని తుంపర. మూడు కార్లూ వరసగా నిలబడి తడుస్తున్నాయి. తక్కిన రెండూ మనదాని కంటే కొత్తవి. కానీ నీళ్లు వాటి మీద చారలు చారలుగా కారి మురికిగా కనిపిస్తున్నాయి. మనదాని మీద చేమాకు మీదలాగా ముత్యాలై నిలబడ్డాయి. మీ అల్లుడు పసుపు గుడ్డ ఒక్కసారి లాగాడు. దొర వంగి తలుపులో తన మొహం చూసుకుని, మీసం కూడా సర్దుకున్నాడు. "పాలిష్ ఎవరు చేసింది?" అని అడిగాడు.

"మా ఇంటామె మామ, ధర్మపురి. ఆయన ఉత్తరంలో రాసినట్టే చేసినాం సార్" అన్నాడు మీ అల్లుడు.

నేను మైనం అంటిన గుడ్డలు పట్టుకుని ఆ పక్కనే నిలబడి ఉన్నాను. సంతోషమే మామా. లారీ తప్పింది, అంతకంటే నాకేం కావాలి? కానీ ఆ నిమిషం ఇంకొక చిన్నది కూడా కావాలనిపించింది. నీకు కాక ఎవరికి రాస్తాను? మన ఉత్తరాలు ఇంకెవరూ చదవలేరు కదా.

సరసు


ధర్మపురి
1986 జనవరి 3

చిరంజీవి సరసుకు మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గితే మీ అత్తకు తెలిసిపోయింది. ఇప్పుడు పొద్దూ సాయంత్రమూ మిరియాల కషాయం తాగుతున్నాను. అదీ నీ పుణ్యమే.

లేనిది చదివావని నిన్ను కోప్పడదామని కలం పట్టుకున్నాను. పట్టుకున్నాక ఆగాను. ఎందుకో చెబుతాను. నీకు పెళ్లయి పోయినప్పటి నుంచి నీ ప్రతి ఉత్తరం చివరా, "అత్తా, నీ చేతి అనపగింజల పులుసు గుర్తొస్తోంది" అని మీ అత్తకు చదువుతున్నాను. నువ్వు ఒక్కసారి కూడా రాయలేదు. ఆమె కళ్లు తుడుచుకుని గింజలు పితకడానికి కూర్చుంటుంది. ఆ పులుసు తింటున్నది నేను. కాబట్టి నాకు నోరు లేదు.

నా పేరుతో నువ్వు చదివింది నేను రాసినదాని కంటే బాగుంది, కథ కూడా లేదు. కానీ ఒకటి చెబుతాను. ముదలాళి కారును ముప్పై ఏళ్లు తుడిచాను. దిగినవాళ్లంతా "మీ కారు ఎంత బాగుంది!" అని ఆయనతోనే అనేవాళ్లు. ఆయన ఒకే ఒక్కసారి, సేలంలో ఎవరితోనో, "మా రాజమాణిక్కం చేయి అది" అన్నాడు. ఆ సాయంత్రం ఏం తిన్నానో కూడా నాకు ఇప్పటికీ గుర్తుంది. నీకు కావాలనిపించిన ఆ చిన్నది ఎంత ఉంటుందో నాకు తెలుసు.

అందుకని ఈ కాగితం అడుగున నాలుగు వరసలు అరవంలో రాశాను. అవి అల్లుడికి. ఆయనే చదువుకుంటాడు, నువ్వు నోరు విప్పనక్కరలేదు. ఏం రాశానంటే: 'అల్లుడూ, నేను రాసింది నీడ అని మాత్రమే. వేడినీళ్లు, ఎండ, పదిగంటలు అన్నీ సరసు బుర్రలోవి. నా మాట విని ఉంటే నువ్వు ఈపాటికి తొప్పూరులో ఉండేవాడివి. ఈసారి ఎవరైనా అడిగితే పేరు సరిగ్గా చెప్పు.'

ఆ వరసల పైన అడ్డంగా ఒక గీత గీశాను, కత్తెరకు వీలుగా. చూపించడం ఇష్టం లేకపోతే గీత మీద కత్తిరించెయ్. నేను అడగను.

స్టాండులో పాఠం మార్చాను. "ఏం రా?" అంటే ఇప్పుడు "ఏ ఊరు మామా, ఏ నెల?" అని ఎదురు అడగాలి. ఎగతాళిగా అడుగుతున్నారు. కానీ అడుగుతున్నారు.

రాజమాణిక్కం


కోతగిరి
జనవరి 20

మామకు, అత్తకు నమస్కారాలు.

తోట పని బాగా జరుగుతోంది. పంగుని నెలలో, మార్చి ఆఖరున, రెండు రోజులు సెలవిస్తామన్నారు. కారు తీసుకుని మీ ఊరికే వస్తాము. మీ వాకిట్లో నీడ చూసి పెట్టు. ఇక్కడ ఎండ నా మాట, అక్కడ నీడ నీ మాట.

అత్తకు ఈ ఒక్క వరస ఉన్నది ఉన్నట్టు చదువు: అత్తా, నీ చేతి అనపగింజల పులుసు గుర్తొస్తోంది. ఇది నిజంగానే రాశాను. కావాలంటే అక్షరాలు వేలితో చూపించు.

కత్తెర తీయలేదు మామా. కాగితం మీ అల్లుడి చేతిలో పెట్టి నీళ్లకు పోయాను. తిరిగి వచ్చేసరికి చదవడం అయిపోయి మళ్లీ మొదటినుంచి చదువుతున్నాడు. మడిచి కారు ముందద్దం దగ్గర పసుపు గుడ్డ కింద పెట్టుకున్నాడు. రెండు మూడు రోజులు నాతో ఉప్పూ మిరపకాయల గురించి మాత్రమే మాట్లాడాడు.

నిన్న మంచు విడిచి ఎండ వచ్చింది. వాకిట్లోంచి కేక వేశాడు. "సరసూ, డబ్బా మెత్తబడింది. ఎండ సరిపోతుందా, ఇంకొంచెం కాగనిచ్చేదా? నువ్వొచ్చి చూడు."

పోయి తలుపు మీద చేయి పెట్టి చూశాను. సరిగ్గా ఉంది. ఆయన గుడ్డ పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడి ఉన్నాడు.

"కొంచెం కాగనీ" అన్నాను.

అవసరం లేదు మామా. ఊరికే, ఇంకాసేపు అట్లా నిలబెడదామని.

సరసు